పక్కన మేలుకొని ఉన్నవాళ్లు

సీప్యాప్ యంత్రం తెర మీద కనిపించే అంకె నీళ్ల కొలత. డాక్టరు ప్రెషర్ పది అని రాశారంటే, పది సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలబడితే అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడితో గాలి ముక్కులోకి రావాలని అర్థం. మన ఇళ్లలో మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసు ఎత్తు ఇంచుమించు అంతే. నిద్రలో మూసుకుపోయే గొంతును రాత్రంతా తెరిచి ఉంచడానికి ఆ గ్లాసెడు నీళ్ల ఒత్తిడి చాలు.

నీళ్ల ఎత్తు, నీళ్ల వాలు హైదరాబాద్ పడమటి అంచున ఉన్న నార్సింగికి పరాయి సంగతులు కావు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది. జనం నోట అది గండిపేట. 1920లో పూర్తయిన ఆ చెరువు నీళ్లు మోటార్లతో పనిలేకుండా వాలు మీద పారుతూ ఆసిఫ్‌నగర్ దాకా వెళ్లి నగరం దాహం తీర్చేవి. అప్పటి నార్సింగి అంటే పొలాలు, తోటలు, బండరాళ్ల గుట్టలు. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఔటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం తెరుచుకున్నాక ఊరి రూపు మారడం మొదలైంది. 2023 ఆగస్టులో పొరుగునే ఉన్న కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఇప్పుడు తల ఎత్తి చూసినా పై అంతస్తు కనబడని భవనాలు ఉన్నాయి. ఆ భవనాల్లో కొన్ని పడకగదుల్లో, మంచం పక్క బల్ల మీద, ఫోను ఛార్జరు పక్కన, టిఫిను డబ్బా అంత యంత్రం ఒకటి కూర్చుని ఉంటుంది. దానికో పైపు, పైపు చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. ఇంటికొచ్చిన చుట్టాలు అది ఆవిరి పట్టుకునే మిషననుకుంటారు.

అది స్లీప్ ఆప్నియాకు, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు, వాడే సీప్యాప్ యంత్రం. నిద్రపట్టగానే గొంతు వెనక కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, ముప్ఫై సెకన్లో, ఒక్కోసారి నిమిషమో ఊపిరి ఆడదు. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. గొంతు తెరుచుకుంటుంది, పెద్ద గురకతో గాలి లోపలికి దూసుకుపోతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. పది సెకన్లు, అంతకు మించి ఆగితే దాన్ని ఒక లెక్కగా పట్టుకుంటారు. ఊపిరి ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు ఐదు దాటితే జబ్బు ఉన్నట్టు, పదిహేను దాటితే మధ్యస్థం, ముప్ఫై దాటితే తీవ్రం. తెల్లారి లేచాక ఆ మనిషికి ఇందులో ఏదీ గుర్తుండదు. తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలంతా కునుకుపాట్లు, మందులకు లొంగని బీపీ మాత్రం మిగులుతాయి. తన జబ్బుకు తను సాక్షి కాలేని రోగి అతను. సాక్షి పక్కన పడుకున్న మనిషి.

అందుకే ఈ యంత్రం చరిత్రను మోటార్ల చరిత్రగా చెబితే అసలు సంగతి జారిపోతుంది. నిద్రపోతున్న మనిషి పక్కన మేలుకొని కూర్చున్న వాళ్ల చరిత్ర అది. అందులో ఒక పెద్ద అధ్యాయం నార్సింగికి ఇరవై కిలోమీటర్ల లోపే, మూసీ దిగువన, పాత హైదరాబాద్‌లో నడిచింది.

1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం మత్తును లోకానికి పరిచయం చేశాడు. గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి పీల్పిస్తే రోగి నొప్పి తెలియని నిద్రలోకి జారుకునేవాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలివేలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి అక్కడికక్కడే ప్రాణం విడిచింది. గోరు కోసం పిల్ల పోయిందన్న వార్త వైద్యలోకాన్ని కుదిపేసింది. ముందు ఆగింది గుండెనా, ఊపిరా? ఈ ప్రశ్న మీద వైద్యులు రెండు వర్గాలయ్యారు. లండన్ వైపు వాళ్లు నాడి పట్టుకుని చూడమన్నారు. ఎడింబరో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యులు మాత్రం నాడి వదిలేసి ఊపిరి చూడమన్నారు.

ఆ శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, ఇక్కడి మెడికల్ స్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యాడు. 1846లో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మొదలైన స్కూలు అది. రెసిడెన్సీ వైద్యుడు మెక్లీన్ చికిత్సతో నిజాముకు నయం కావడం దాని పుట్టుకకు కారణం. లారీ తన గురువు మాట నిరూపించాలని పట్టుబట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించాడు. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ దాన్ని నమ్మలేదు. నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చులు మావి అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండో కమిషన్ పనిచేసింది. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, గుర్రాలు, కుందేళ్లు, వందల్లో. ఆ మూగజీవాల లెక్క చదువుతుంటే ఈనాటికీ మనసు చివుక్కుమంటుంది. లారీతో వాదించడానికి వచ్చిన బ్రంటన్ చివరికి లారీ మాటే నిజమని తంతి కొట్టాడు. కమిషన్ నివేదికను లాన్సెట్ అచ్చువేసింది.

లారీ చెప్పిందంతా నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు, మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయనే చెదరగొట్టి చంపగలదని చూపించాడు. హానా గ్రీనర్‌ది అలాంటి చావే కావచ్చునని తర్వాతి వైద్యుల్లో చాలామంది భావించారు. హైదరాబాద్ వాదం సగం ఓడిపోయింది. అయినా ఆ స్కూలు నేర్పిన అలవాటు ఒకటి మిగిలింది. మత్తులో పడిన మనిషి నాలుక వెనక్కి జారి గొంతు మూస్తుందని, గడ్డం పైకెత్తి, దవడ ముందుకు లాగి దారి తెరవాలని, రోగి ఛాతీ మీద నుంచి చూపు, ముక్కు దగ్గర నుంచి చెవి పక్కకు పోనివ్వకూడదని అక్కడి విద్యార్థులు నేర్చుకున్నారు. ఆ విద్యార్థుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఉంది. 1885లో చేరి, 1889లో హకీం పట్టా పుచ్చుకుని, నగరంలోని ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఇవాళ ఆమె పేరు చెబుతారు. ఆమె కాపలా కాసింది సరిగ్గా దానికే: నిద్రలో ఉన్న మనిషి గొంతు మూసుకుపోకుండా.

మత్తులో జరిగేదే మామూలు నిద్రలోనూ కొందరికి రోజూ జరుగుతుందన్న ఊహ రావడానికి ఇంకో డెబ్భై, ఎనభై ఏళ్లు పట్టింది. ఎందుకంటే గురకను ఎవరూ జబ్బుగా చూడలేదు. మన భాషే చూడండి. గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు అంటే హాయిగా, ఒళ్లు మరిచి పడుకున్నాడని. కుంభకర్ణుడి నిద్ర అంటే నవ్వు. వాల్మీకి రామాయణంలో కుంభకర్ణుణ్ణి లేపడానికి వెళ్లిన రాక్షసులు అతని ఊపిరి గాలి విసురుకు నిలబడలేకపోతారు. అంత ఊపిరి ఉన్నవాడు బలవంతుడే తప్ప రోగి అని ఎవరికి తోస్తుంది? ఎండాకాలంలో ఆరుబయట వరసగా నులక మంచాలు వేసుకునే రోజుల్లో ఇంట్లో ఎవరి గురక ఎలాంటిదో అందరికీ తెలిసేది. పక్క మంచం మీద నుంచి ముసలమ్మ చెయ్యి చాచి ఓ తట్టు తట్టి 'పక్కకు తిరుగు' అనేది. ఆ మాట వట్టి విసుగు కాదు, వైద్యం కూడా. వెల్లకిలా పడుకుంటే నాలుక బరువుకు జారుతుంది, పక్కకు తిరిగితే చాలామందికి గొంతు కొంత తెరుచుకుంటుంది. ఇవాళ్టి డాక్టర్లూ తేలికపాటి జబ్బుకు అదే చెబుతున్నారు.

పడమటి దేశాల్లోనూ దారి ఇలాగే వంకరగా సాగింది. డికెన్స్ 1836లో మొదలుపెట్టిన పిక్విక్ నవలలో నిలబడే నిద్రపోయే లావుపాటి కుర్రాడు జో ఉంటాడు. 1956లో అమెరికా వైద్యులు కొందరు భారీకాయం, మగత, ఊపిరి లోపం కలిసిన స్థితికి ఆ నవల పేరే పెట్టారు. 1965లో ఫ్రాన్సులో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా రాత్రంతా రోగుల పక్కన కూర్చుని, మెదడు తరంగాలనూ ఊపిరినీ ఒకే కాగితం మీద గీయించి, నిద్రలో ఊపిరి ఆగుతోందని పట్టుకున్నారు. 1969లో కూలో బృందం ఓ రోగికి మెడ ముందు రంధ్రం చేసి, గొంతును తప్పించి గాలికి కొత్త దారి వేసింది. అది పనిచేసింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా తీవ్రమైన జబ్బుకు నమ్మకంగా పనిచేసే వైద్యం అదొక్కటే. పగలు రంధ్రానికి బిరడా, రాత్రి బిరడా తీసి నిద్ర. ఎవరు ఒప్పుకుంటారు?

1980 జూన్‌లో సిడ్నీలో ఒక మనిషి ఒప్పుకోలేదు. భవన నిర్మాణ కార్మికుడు, వయసు నలభై దాటింది, జబ్బు తీవ్రంగా ఉంది. రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రిలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు మెడకు రంధ్రం గురించి చెబితే వద్దన్నాడు గానీ, ఒక రాత్రి ప్రయోగానికి సరేనన్నాడు. సలివన్ అంతకు ముందు టొరంటోలో నిద్రపోయే కుక్కల ఊపిరి మీద పనిచేసి వచ్చినవాడు. మళ్లీ కుక్కలే. వాటి మూతులకు తయారుచేసిన మాస్కుల అనుభవం అతని చేతుల్లో ఉంది. ముక్కు గుండా గాలి నెట్టి గొంతును ఉబ్బించి ఉంచితే, లోపల గోడలు కూలకుండా నిలబడవా అన్నది అతని ఊహ. వాక్యూమ్ క్లీనర్ జాతి మోటారును తిప్పి, పీల్చేదాన్ని ఊదేదిగా మార్చి, గొట్టం తగిలించి, మాస్కును ముక్కుకు అతికించాడు. ఒత్తిడి కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఒక అంకె దగ్గర గురక ఆగిపోయింది. ఆ మనిషి వెంటనే లోతైన నిద్రలోకి, కలల నిద్రలోకి దిగిపోయాడు. ఒత్తిడి తగ్గిస్తే మళ్లీ ఊపిరి ఆగింది, పెంచితే మళ్లీ ఆడింది. సలివన్ రాత్రంతా పక్కనే కూర్చుని చూశాడు. తెల్లారి ఆ కార్మికుడు ఏళ్ల తర్వాత తేలిక కళ్లతో లేచాడు.

ఐదుగురు రోగుల మీద ఈ అనుభవాన్ని సలివన్ బృందం 1981 ఏప్రిల్‌లో అచ్చువేసింది. పత్రిక లాన్సెట్టే. హైదరాబాద్ కుక్కల నివేదికకూ సిడ్నీ కార్మికుడి నివేదికకూ మధ్య తొంభై ఏళ్లు. వాళ్లు వాడిన ఒత్తిడి నాలుగున్నర నుంచి పది సెంటీమీటర్ల నీళ్లు.

నిజానికి ఊపిరితిత్తుల్లోకి ఆగకుండా ఒత్తిడి పంపే పద్ధతి అప్పటికే పసిబిడ్డల దగ్గర ఉంది. నెలలు నిండక పుట్టిన పిల్లల తడి ఊపిరితిత్తులు మూసుకుపోకుండా శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ 1971లోనే దాన్ని వాడి చూపించాడు. మన దగ్గర నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో నడిచే బబుల్ సీప్యాప్ దాని చెల్లెలు. బిడ్డ వదిలే గాలి వెళ్లే పైపు చివరను నీళ్ల సీసాలో ఐదు సెంటీమీటర్ల లోతున ముంచుతారు. ఎంత లోతు ముంచితే అంత ఒత్తిడి. సీసాలో బుడగలు రావడం ఆగితే నర్సు పరుగెత్తుకొస్తుంది. నీళ్ల కొలత అంటే ఏమిటో కంటితో చూడాలంటే అక్కడ చూడాలి.

తొలి రోజుల్లో ఇంటికి తీసుకెళ్లిన రోగుల పాట్లు చెప్పనలవి కావు. ముక్కుకు అచ్చు తీసి ఒక్కొక్కరికీ విడిగా మాస్కు పోసేవారు. ప్రతి రాత్రీ దాన్ని సిలికాన్ జిగురుతో ముఖానికి అంటించుకోవాలి, ప్రతి ఉదయం పీక్కోవాలి. మోటారు చప్పుడు గురకకు ఏమీ తీసిపోదు. అయినా వాడారంటే ఆ పగటి మెలకువ రుచి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 1980ల మధ్యలో అమెరికాలో రెస్పిరోనిక్స్ కంపెనీ దుకాణంలో కొనదగ్గ యంత్రాన్ని తెచ్చింది. 1989లో సిడ్నీ పరిశోధన ఆధారంగా పీటర్ ఫారెల్ పెట్టిన కంపెనీ తర్వాత రెస్‌మెడ్ అయింది. జిగురు పోయి పట్టీలు వచ్చాయి, చప్పుడు గుసగుసకు దిగింది.

మరి నార్సింగికి ఎలా వచ్చింది? 1998 నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక మాదాపూర్‌లో మొదలైన ఐటీ పని, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాటి ఔటర్ దాకా పాకింది. పదహారు గంటలు కుర్చీ, అమెరికా పగలుకు సరిపోయే రాత్రి కాల్స్, పదకొండింటికి ఆర్డరు చేసిన బిర్యానీ. ఈ జీవితం ఒంటికి ఏం చేసిందో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో అచ్చువేసిన అధ్యయనం చెబుతోంది. నగరంలో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మందిది ఊబకాయం. మెడ చుట్టూ, నాలుక మొదట్లో చేరే కొవ్వు కూడా ఆ లెక్కలోదే. గొంతు గొట్టాన్ని ఇరుకు చేసేది అదే.

అలాగని ఇది లావుపాటి వాళ్ల జబ్బో, సాఫ్ట్‌వేర్ జబ్బో అనుకుంటే పొరపాటు. దవడ చిన్నదైతే, వెనక్కి ఉంటే, సన్నటి మనిషికీ వస్తుంది. ముంబైలో జరీర్ ఉద్వాడియా బృందం 2004లో 35 నుంచి 65 ఏళ్ల మగవాళ్లను పరీక్షించి, వందకు ఏడున్నర మందికి పగటి నిద్రతో కూడిన ఆప్నియా ఉందని చెప్పింది. దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం పనిచేసే వయసులో ఉన్న సుమారు 10.4 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. తెలుగు వాళ్లలో చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నది 2022 ఫిబ్రవరిలో. సింహాసనం, గ్యాంగ్ లీడర్ సినిమాల పాటలతో మనల్ని ఊపిన బప్పీ లాహిరి ముంబైలో చనిపోయినప్పుడు, ఆసుపత్రి వైద్యులు చెప్పిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఉంది.

అంతకు ముందే కోవిడ్ యంత్రం పేరును దొడ్డిదారిన ఇళ్లలోకి తెచ్చింది. 2020లో గచ్చిబౌలి క్రీడాగ్రామంలోని భవనం టిమ్స్ ఆసుపత్రిగా మారింది. మరుసటి ఏడు రెండో ఉప్పెనలో బైపాప్, సీప్యాప్, కాన్సంట్రేటర్ అన్న మాటలు ఆటో స్టాండ్లలో కూడా వినిపించాయి. ఆ గాయం పచ్చిగా ఉండగానే, 2021 జూన్‌లో, రెస్పిరోనిక్స్‌ను కొన్న ఫిలిప్స్ కంపెనీ లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు పొర చివికి, ఆ పొడి గాలితో పాటు ముక్కులోకి పోయే ప్రమాదం ఉందని తేలింది. ఏళ్ల తరబడి నమ్మి ముఖానికి తగిలించుకున్న వస్తువు మీద ఒక్కసారి అనుమానం పుడితే ఎలా ఉంటుందో వాడినవాళ్లకే తెలుసు.

ఇక అలవాటు పడటం. ఈ జబ్బు చరిత్రలో అన్నిటికంటే తక్కువ రాసిన భాగం అదే, అన్నిటికంటే కష్టమైన భాగమూ అదే.

మొదటి రాత్రి ఎవరికైనా ఒకటే అనుభవం: కారు కిటికీ దించి, గాలికి ముఖం పెట్టి ఊపిరి వదలబోయినట్టు. పీల్చడం తేలిక, వదలడమే పని. మాస్కు కింద ఉక్కిరిబిక్కిరి, గుండె దడ, నడిరాత్రి తెలియకుండానే పట్టీ లాగి పారేయడం. అందుకే నేర్పు తెలిసిన టెక్నీషియన్లు ముందు పగలు తగిలించుకోమంటారు. పేపరు చదువుతూనో, సీరియల్ చూస్తూనో పావుగంట, రేపు అరగంట. ముఖానికి మాస్కు పరిచయం అయ్యాకే నిద్రకు పరిచయం చేయాలి. యంత్రంలో ర్యాంప్ అనే వసతి ఉంటుంది. ఒత్తిడి నాలుగు దగ్గర మొదలై, కునుకు పట్టే లోపు మెల్లగా తన అంకెకు ఎక్కుతుంది. కొత్త రకాలు ఊపిరి తీరును బట్టి ఒత్తిడిని వాటంతట అవే మార్చుకుంటాయి.

మాస్కుల్లో మూడు రకాలు: ముక్కు రంధ్రాలకు ఆనేవి, ముక్కును కప్పేవి, ముక్కూ నోరూ కలిపి కప్పేవి. నిద్రలో నోరు తెరిచేవాళ్లకు ముక్కు మాస్కు పనికిరాదు, గాలంతా నోటి గుండా పోయి తెల్లారేసరికి నాలుక అట్టకట్టుకుపోతుంది. గుబురు మీసం, గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి జారుతుంది. ముఖానికి కొబ్బరినూనె, క్రీము రాసుకుని పడుకునే అలవాటు ఉన్నా అంతే. లీకు శబ్దం ఈల వేసినట్టు ఉంటుంది, కళ్లలోకి కొడితే ఉదయానికి ఎర్రబడతాయి. చాలామంది లీకు ఆగాలని పట్టీలు బిగదీస్తారు. ముక్కు మీద పుండు పడుతుంది, లీకు మాత్రం పోదు. కొలత మార్చాలి గానీ బిగింపు పెంచకూడదు.

నార్సింగి తనదైన చిక్కులు కొన్ని కలుపుతుంది. గాలికి తడి ఇచ్చే చిన్న నీళ్లతొట్టి యంత్రంలో ఉంటుంది. దాంట్లో బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో పోస్తే నాలుగు రోజులకే తెల్లటి సున్నం పొర కడుతుంది, డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోవాలి. గది ఏసీ ఇరవై రెండులో పెట్టి పడుకుంటే పైపులో ఆవిరి నీరై, నడిరాత్రి ముక్కులో చుక్కలు పడతాయి. దానికి పైపు చుట్టూ గుడ్డ తొడుగు, లేదా వేడెక్కే పైపు. కోకాపేట, పుప్పాలగూడ వైపు బండ పేలుళ్లు, సిమెంటు లారీలు సాగినన్నాళ్లూ యంత్రం వెనకున్న తెల్ల ఫిల్టరు త్వరగా బూడిదరంగుకు తిరుగుతుంది. ఊరెళ్లాలంటే సంచిలో యంత్రం, దానితో పాటు ఊళ్లో కరెంటు ఉంటుందా అన్న దిగులు. 2021లో రైల్వేవాళ్లు అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ ప్లగ్‌లు ఆపాలని నిర్ణయించినప్పుడు, సరిగ్గా ఆ గంటల్లోనే ప్లగ్ కావాల్సిన మనుషులు ఉన్నారని ఎవరికీ తట్టలేదు.

ఇన్ని ఉన్నప్పుడు యంత్రం అటక ఎక్కడంలో ఆశ్చర్యం లేదు. 1993లో అమెరికాలో నాన్సీ క్రిబ్స్ బృందం ముప్ఫై ఐదుగురు రోగుల యంత్రాల్లో వాళ్లకు తెలియకుండా గడియారాలు పెట్టి చూసింది. వారంలో చాలా రాత్రులు, రాత్రికి నాలుగు గంటలైనా వాడినవాళ్లు సగం మంది కూడా లేరు. అడిగితే మాత్రం చాలామంది ఎక్కువే చెప్పారు. ఆ నాలుగు గంటల కొలబద్దే తర్వాత బీమా కంపెనీల నిబంధన అయింది. ఇప్పుడు గూఢచర్యం అక్కర్లేదు, యంత్రమే ఫోనుకు లెక్క పంపుతుంది.

వాడగలిగిన వాళ్లను గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. పక్కన మనిషి ఉన్న ఇంట్లో యంత్రం నిలుస్తుంది. ఊపిరి ఆగడం మొదట చూసింది భార్య, ఫోనులో గురక రికార్డు చేసి డాక్టరుకు వినిపించింది భార్య, రాత్రి రెండింటికి జారిన మాస్కు సరిచేసింది భార్య. టొరంటో వైద్యులు 2008లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పరీక్షలోనూ ఒకటి సాక్షి కోసమే: నిద్రలో నీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? మరి భార్యకే ఈ జబ్బు ఉంటే? నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలో ఇది బాగా పెరుగుతుందని వైద్యానికి తెలుసు. కానీ ఆడమనిషి గురకపెడుతోందని చెప్పుకోవడం ఇంటికి నామోషీ. ఆమె నీరసం రక్తం తక్కువ ఖాతాలోకో, థైరాయిడ్ ఖాతాలోకో పోతుంది. ముందు లేచే మనిషి కాబట్టి, ఆమె నిద్రను చూసిన వాళ్లే ఇంట్లో ఉండరు.

సాక్షి లేని వాళ్లు ఇంకా ఉన్నారు. గచ్చిబౌలి హాస్టల్ గదుల్లో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ముగ్గురి మధ్య పడుకునే కుర్రాడు. ఔటర్ మీద రాత్రంతా కంటెయినర్ తోలే డ్రైవరు, కునుకు పట్టిన ఆ రెండు సెకన్లు చూసేవాళ్లు క్యాబినులో ఎవరూ ఉండరు. అపార్టుమెంట్ల పునాదుల పక్కన రేకుల షెడ్లలో ఒడిశా నుంచి, బిహార్ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. సీప్యాప్ ధర పదుల వేలల్లో కూర్చుంది, స్లీప్ స్టడీ ఖర్చు వేరే. ఈ యంత్రంతో ప్రపంచంలో మొట్టమొదట హాయిగా నిద్రపోయిన మనిషి భవన నిర్మాణ కార్మికుడని తెలిసినప్పుడు, ఆ షెడ్ల పక్క నుంచి మామూలుగా నడిచి పోవడం కష్టమవుతుంది. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రుల్లో పరీక్ష చేసే మంచాలు, ఇచ్చి పంపే యంత్రాలు పెరగాలి. పెరగకపోతే సిడ్నీలో అతనికి దక్కిన రాత్రి, ఇక్కడ అతని వృత్తివాళ్లకు దక్కదు.

యంత్రం కుదిరిన ఇళ్లలో మొదటి వారం ఒక చిత్రం జరుగుతుంది. ఇరవై ఏళ్లు గురక మధ్య నిద్రపోవడం నేర్చుకున్న భార్య, ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి ఉలిక్కిపడి లేస్తుంది. చీకట్లో చెయ్యి చాచి, ఛాతీ లేచి దిగుతోందో లేదో అరచేత్తో చూసుకుంటుంది. మాస్కు పక్క రంధ్రాల్లోంచి వదిలిన గాలి వేళ్లకు చల్లగా తగులుతుంది. ఉదయం అతను తెర మీద అంకెలు చదువుతాడు: ఆరు గంటల నలభై నిమిషాలు, ఊపిరి ఆగింది గంటకు రెండుసార్లు. ఆమె తొట్టిలో మిగిలిన నీళ్లు పారబోసి, మాస్కు సబ్బునీళ్లతో కడిగి, పైపును బాత్‌రూమ్ కడ్డీ మీద ఆరేస్తుంది.